ఇంట్లనే హాలోవీన్: గొంగడి కప్పుకొని సిన్మా చూసే రాత్రి ఎట్ల చేసుకోవాలె

మా మరిది వాళ్లు డాలస్‌ల ఉంటరు. వాళ్ల పిల్లలు వీడియో కాల్‌ల మంత్రగత్తె టోపీలు, వాకిట్ల పెట్టిన గుమ్మడికాయ మొహాలు చూపెట్టినప్పటి సంది మా బిడ్డకు ఒకటే పాట, మమ్మీ మనం హాలోవీన్ ఎప్పుడు చేస్తం, ఎప్పుడు చేస్తం అని. మాది మహబూబ్‌నగర్. మా కాలనీల పిల్లలు తలుపు కొట్టి ట్రిక్ ఆర్ ట్రీట్ (తినేటిది ఇస్తరా, లేకుంటె ఆట పట్టియ్యాల్నా) అంటే గణపతి చందాకు ఇంత తొందరగ వచ్చిర్రేంది అనుకుంటరు. అందుకే ఇంట్లనే చేసుడు మొదలువెట్టినం. ఇప్పటికి రెండుసార్లు చేసినం, మొదటిసారి అంత ఆగమాగం, రెండోసారి మస్తు కుదిరింది. ఆ రెండిట్లకెళ్లి తెలిసింది రాస్తున్న.

మొట్టమొదలు క్యాలెండర్ చూడండి. హాలోవీన్ ఎప్పుడైనా అక్టోబర్ 31నే, తిథి గిథి ఏం లేదు, కానీ మన పండుగలు జరుగుతుంటయి గదా. 2024ల సరిగ్గ ఆరోజే దీపావళి పడ్డది. మేము అది చూసుకోనేలేదు, పిల్లలకు మాట ఇచ్చినం కాబట్టి హారతులు, పూజ, పటాకులు అన్నీ అయినంక రాత్రి తొమ్మిదిన్నరకు సిన్మా పెట్టినం, బయట లక్ష్మీ బాంబుల మోతకు లోపల దయ్యం ఏం మాట్లాడుతున్నదో ఒక్క ముక్క వినపడలే. 2025ల దీపావళి 20 తారీఖునే అయిపోయింది, 31 శుక్రవారం వచ్చింది, పొద్దున బడి లేదన్నంత నిమ్మలంగ చేసుకున్నం (బడి ఉండె, కానీ ఎవ్వరం అనలే). ఈసారి 2026ల శనివారం పడ్డది, దీపావళి నవంబర్ 8న, ఇంతకంటె మంచి మోక దొరకది.

రెండోది, ఇంట్ల పెద్దోళ్లను ఒప్పించుడు. ఇది డెకరేషన్ కంటె పెద్ద పని. మా అత్తమ్మ మొదటిసారి వినంగనే "పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చుకుంటిమి, మళ్ల ఈ దయ్యాల పండుగ ఏమిటికి ఇంట్ల" అన్నది. నేను ఎదురు చెప్పలే, కూసొని ముచ్చట చెప్పిన. ఇది అమెరికాల పుట్టింది కాదు అత్తమ్మా, ఐర్లాండ్ దిక్కు పాత కాలంల సావిన్ అని ఒక పండుగ ఉండె, పంట కోతలు అయిపోయి చలికాలం మొదలయ్యే రాత్రి, ఆ ఒక్క రాత్రి సచ్చిపోయినోళ్లు మళ్ల ఇండ్లకొస్తరని వాళ్ల నమ్మకం, తర్వాత క్రైస్తవులకు నవంబర్ 1 పునీతుల పండుగ అయింది, దాని ముందటి రాత్రి కాబట్టి హాలోవీన్ అని పేరొచ్చింది, 1840లల్ల ఆలుగడ్డ పంట తెగులు పట్టి కరువొస్తే ఐర్లాండోళ్లు లక్షల మంది అమెరికా పోయిర్రు, వాళ్ల తోటి ఇది సుత పోయింది అని. అత్తమ్మ అంతా విని "అయితె వాళ్లకు సుత ఒక పెత్రమాస ఉన్నదన్నట్టు" అన్నది. ఇగ అప్పటి సంది అడ్డు చెప్పలే. కాకపోతె రెండు షరతులు పెట్టింది, దేవుని అర్ర దిక్కు ఏ దయ్యం బొమ్మ పెట్టొద్దు, పిల్లలకు నిజంగ దడుపు జ్వరం వచ్చేటట్టు చెయ్యొద్దు. రెండూ న్యాయమే అనిపించింది.

ఆ రెండో షరతే అసలు సంగతి. సిన్మా ఏరుకునేటప్పుడు ఇంట్ల అందరికంటె చిన్నోడు ఎవరో వాన్ని చూసి ఏరాలె, పెద్దోళ్లను చూసి కాదు. 2024ల ఫోన్‌ల ఏదో కామెడీ హారర్ అని కనపడితె ముందు చూడకుండనే పెట్టినం, పది నిమిషాలకు అద్దంల ఒక ఆడామె జుట్టు ఇరబోసుకొని వచ్చింది, అప్పుడు మూడేండ్లున్న మావోడు ఒర్రిన ఒర్రుడుకు పక్కింటోళ్లు పటాకు తగిలిందేమో అని ఉరికొచ్చిర్రు. మా బిడ్డ అయితె పది రోజులు బాత్రూంకు ఒక్కతే పోలే, బయట నేను నిలబడి పాట పాడాలె. కాబట్టి సర్టిఫికెట్ చూడండి. 2024 నవంబర్ సంది థియేటర్ సిన్మాలకు సెన్సార్ వాళ్లు యూఏను మూడు తీర్లు చేసిర్రు, యూఏ 7+, 13+, 16+ అని, ఓటీటీలల్ల 2021 రూల్స్ సంది అట్లనే రాస్తున్నరు. 13+, ఆ పైన ఉన్నవాటికి పేరెంటల్ లాక్ కూడా ఉండాలె, సెట్టింగ్స్‌ల పిన్ పెట్టుకుంటె పిల్లలు రిమోట్ ఒత్తినా తెరుసుకోదు. సర్టిఫికెట్ ఒక్కటే చూసి ఊకోవద్దు, ముందు రోజు రాత్రి మీరొక్కరే ముందుకు జరుపుకుంట ఓసారి చూడండి, యాడ భయం సీన్ వస్తదో టైం గుర్తువెట్టుకుంటె అప్పటికి సౌండ్ తగ్గించొచ్చు. దయ్యం సిన్మాల సగం భయం చెవులకెళ్లే వస్తది, సౌండ్ తీసేసి చూడండి, నవ్వొస్తది.

మేము చూసినవాట్లల్ల చిన్నపిల్లలకు హోటల్ ట్రాన్సిల్వేనియా మంచిగ పనిచేసింది, 2012ల వచ్చిన బొమ్మల సిన్మా, గంటన్నర, డ్రాక్యులా దయ్యాల కోసం హోటల్ నడుపుతుంటడు, అండ్ల మనుషులను చూసి దయ్యాలే భయపడ్తయి. కోకో 2017ది, గంటా ముప్పావు, మెక్సికోల సచ్చిపోయిన పెద్దోళ్ల ఫొటోలు పెట్టి పూలతోటి పిలుచుకునే పండుగ మీద తీసిర్రు, అస్థిపంజరాలు ఉంటయి కానీ భయం ఉండదు, ఏడుపొస్తది, మా అత్తమ్మ కొంగు తోటి కండ్లు తుడుచుకున్నది. ముసలోళ్లు ఉన్న ఇల్లయితె మాయాబజార్ ఉండనే ఉన్నది, 1957ది, మూడు గంటల పైన ఉంటది కాబట్టి పిల్లలకు మొత్తం కష్టం, ఘటోత్కచుడు వచ్చే కాడికెళ్లి పెట్టండి, ఎస్వీ రంగారావు లడ్డూలు మింగుతుంటె మావోడు తన గిన్నె తీస్కొని టీవీ ముంగట కూసున్నడు. రాక్షసుడు ఉన్నడు, మాయలున్నయి, హాలోవీన్‌కు ఇంకేం కావాలె. ఇంగ్లీష్ సిన్మా పెట్టేటట్టుంటె తెలుగు ఆడియో ఉన్నదో లేదో ముందే చూసుకోండి, పెద్దోళ్లు కింద అక్షరాలు చదవలేరు, మీరు పక్కకు కూసొని చెప్పుకుంట పోతె ఎవ్వరికీ సిన్మా చూసినట్టు ఉండదు.

ఇగ తెర సంగతి. ప్రొజెక్టర్ లేకున్నా ఏం కాదు, టీవీ చాలు. మేము మొదటిసారి కిరాయికి ఒక చిన్న ప్రొజెక్టర్ తెచ్చి దుప్పటి కట్టినం, ఫోన్‌కెళ్లి దానికి కలిపితె సౌండ్ వస్తది కానీ బొమ్మ రాదు, నల్లగ ఉంటది. మా ఆయన గంటసేపు వైర్లు పీకి పెట్టిండు. తర్వాత తెలిసింది ఏందంటే ఓటీటీ సిన్మాలకు కాపీ కొట్టకుండ లాక్ ఉంటది, ఫోన్ స్క్రీన్‌ను అట్ల అద్దం లెక్క పంపితె బొమ్మను ఆపేస్తది, టీవీకి పెట్టే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి తీస్కొని ప్రొజెక్టర్ హెచ్‌డీఎంఐ సందుల నేరుగ పెడితె వస్తది. ప్రొజెక్టరే పెడ్తం అంటే దుప్పటి కంటె తెల్ల సున్నం గోడ మేలు, దుప్పటి అయితె ఇస్త్రీ చేసి రెండు మడతలు పెట్టి కింద కర్ర కట్టాలె, లేకుంటె ఫ్యాన్ గాలికి దయ్యం మొహం వంకర్లు పోతది (అది సుత బాగనే ఉంటది అనుకోండి). బొమ్మ పెద్దగ చేద్దామని ఆశపడొద్దు, వెడల్పు డబుల్ చేస్తె వెలుతురు నాలుగో వంతుకు పడిపోతది. నెట్ సరిగ్గ వస్తదో లేదో పొద్దుగాలనే చూసుకోండి, హెచ్‌డీ అయితె గంటకు 3 జీబీ దాకా తింటది, రాత్రి నెట్ తిరుగుకుంట తిరుగుకుంట ఉంటె పిల్లలు ఆడికే పడుకుంటరు.

కూసునే జాగ మంచిగ చేస్తె సగం పండుగ అయినట్టే. సోఫాలు పక్కకు నూకి కింద బొంతలు పరవండి, పాత చీరల బొంత ఉంటె ఇంక మంచిది. మా ఇంట్ల మామయ్యది పాత గొంగడి ఉన్నది, ఆయన మేకల కాడికి పోయేటప్పుడు కప్పుకునేది, నల్లగ బరువుగ ఉంటది, గీరుకుంటది, ఉన్ని వాసన వస్తది, పిల్లలు దానికే కొట్లాడ్తరు. కొస మడిచి ముడి వేసి నెత్తి మీద కుప్పె లెక్క పెడితె కింద కండ్లు మాత్రమే కనపడ్తయి, పైసా ఖర్చు లేకుండ దయ్యం వేషం. మెత్తగ కావాలంటె లోపల ఒక నూలు దుప్పటి పెట్టండి. వేషాలకు ఇంకా కావాలంటె తెల్ల పంచె, కాటుక చాలు. ప్లాస్టిక్ మెరుపుల డ్రస్సులు కొనొద్దు, ముఖ్యంగ దీపాలు పెట్టేటట్టుంటె, నైలాన్ బట్ట అంటుకుంటె కరిగి చర్మానికి అతుక్కుంటది.

గుమ్మడికాయ గురించి జర ఎక్కువ చెప్పాలె. అమెరికాల చెక్కేటందుకే పెంచే గుమ్మడికాయలు ఉంటయి, గోడ సన్నగ, లోపల బోలుగ. మన రైతు బజార్ల దొరికే తియ్య గుమ్మడి కండ మందం, చెక్కు గట్టి. చిన్నది, అడుగు సాపుగ ఉన్నది ఏరుకోండి. బూడిద గుమ్మడికాయ మాత్రం తేవద్దు, అది దిష్టికి కట్టేది, దానికి మొహం చెక్కితె మా అత్తమ్మ ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తది. మొదటి కత్తి మగోళ్లే పెట్టాలె అన్నది మాకు పట్టింపు, నేను నమ్మను కానీ ఆ కాయ గట్టితనం చూసినంక ఈ ఒక్క పట్టింపు ఉంచుకుందాం అనుకున్న, మా ఆయనకే ఇచ్చిన. మూతను నిలువుగ కొయ్యొద్దు, కత్తి లోపలికి వాల్చి ఏటవాలుగ కొయ్యాలె, లేకుంటె మూత లోపలికి పడిపోతది. గింజలు, గుజ్జు చెంచ తోటి గీకి తీసి, మొహం చెక్కే దిక్కు గోడను ఒక అంగుళం మందం అయ్యేదాక లోపలికెళ్లి గీకండి, ఈ పని చెయ్యకుంటె వెలుతురు బయటికి రాదు, కత్తి కూడా దిగదు. మొహం స్కెచ్ పెన్ తోటి పిల్లలను గియ్యమనండి, కోసుడు పెద్దోళ్లు. కండ్లు మూడు మూలలుగ, నోరు పెద్దగ, సన్నటి పండ్లు పెట్టొద్దు, విరుగుతయి. లోపల దీపం బదులు బ్యాటరీ లైటు పెట్టండి, ముప్పై నలభై రూపాయలకు దీపావళి అంగట్ల దొరుకుతయి.

అంత పని వద్దనుకునేటోళ్లకు బత్తాయిలు. నల్లగొండ దిక్కోళ్లకు బత్తాయి గురించి నేను చెప్పాల్నా. పైన మూత లెక్క కోసి, గుజ్జు చెంచ తోటి తీసి రసం తాగి, తొక్కకు మార్కర్ తోటి మొహం గీసి లోపల చిన్న లైటు పెడితె పచ్చపచ్చగ మెరుస్తది, చీకట్ల నిజంగనే కుళ్లిపోయిన దయ్యం లెక్క ఉంటది. మావోడు ఒక్కడే ఆరు చేసిండు, ఒకదానికి వాళ్ల నాయిన మీసాలు పెట్టిండు.

తినేటియి సులువుగ పెట్టుకోండి, రాత్రంత పొయ్యి కాడ నిలబడితె మీకు సిన్మా ఎక్కడిది. పేలాలకు మామూలు మక్కలు పనికిరావు, కిరాణల పాప్‌కార్న్ గింజలు అని అడగాలె, ఆ గింజ లోపల తేమ సరిగ్గ ఉండి పై తొక్క గట్టిగ ఉంటది, వేడికి లోపలి నీళ్లు ఆవిరై 180 డిగ్రీల కాడ తొక్కను పగలగొట్టుకొని వస్తది. మందం గిన్నెల రెండు చెంచల నూనె పోసి మూడే మూడు గింజలు వెయ్యండి, ఆ మూడూ పేలినంకనే అరకప్పు గింజలు వేసి మూత జర సందు ఇచ్చి పెట్టండి, చప్పుడు రెండు సెకండ్లకొకటి అయినప్పుడు దించెయ్యండి. పైన ఉప్పు, పసుపు, పల్లి కారం. నాలుగేండ్ల లోపు పిల్లలు ఉంటె వాళ్లకు పేలాలు, పల్లీలు పెట్టొద్దు, గొంతుల ఇరుక్కుంటయి, అందుల చీకట్ల నవ్వుకుంట తింటరు. మా చిన్నోనికి మొదటిసారి ఇడ్లీ ముక్కలకు బీట్‌రూట్ రసం పూసి ఇచ్చినం, రక్తం ఇడ్లీ అని రెండు తిన్నడు, మామూలుగ అయితె ఒక్కటి తినడు.

కానీ మా దిక్కు అక్టోబర్‌ల హాలోవీన్‌కని దేవుడు పంపిన పండు సీతాఫలం. బాలానగర్ సీతాఫలం అంటె దేశమంత పేరున్న రకం, అది మన జిల్లాదే, ఈ రోజులల్ల రోడ్డు మీద గంపలల్ల పెట్టుకొని కూసుంటరు. బాగ పండినదాన్ని రెండు ముక్కలు చేసి చూడండి, తెల్లటి కండ, నడుమ నల్లటి గింజలు మిలమిల మెరుస్తయి, అచ్చం దయ్యం కండ్లు. లైట్లు బంద్ చేసి గిన్నెల వేసి పిల్లల చెయ్యి పట్టి ముంచి, ఇది రాక్షసుని మెదడు అని చెప్పండి, ఒర్రుతరు, తర్వాత వేళ్లు నాకుతరు. గింజలు నమలొద్దని చెప్పండి, ఆ చేతులతోటి కండ్లు రుద్దుకోవద్దు, గింజల పొడి కండ్లల్ల పడితె బాగ మండుతది.

ఇగ టైం. అక్టోబర్ చివరికి ఈడ పావు తక్కువ ఆరుకే పొద్దు మునుగుతది. ఐదింటికి గుమ్మడికాయ లోపల లైటు పెట్టి సిద్ధం చేసుకొని, ఆరుకు ట్రిక్ ఆర్ ట్రీట్ ఇంట్లనే చేస్తం. మా ఇంట్ల నాలుగు తలుపులు, వంటింటి కాడ నేను, బెడ్రూం కాడ వాళ్ల నాయిన, ఇంకో అర్రల అత్తమ్మ, బాల్కనీ కాడ కింద పోర్షన్ వదిన. పిల్లలు ఒక్కో తలుపు కొట్టాలె, వేషం చూసి భయపడ్డట్టు చేసి సంచిల ఏదో ఒకటి వెయ్యాలె, పల్లి పట్టి, పుట్నాలు, చాక్లెట్. మా ఆయన ఏమియ్యకుండ ట్రిక్కే చెయ్యుర్రి అన్నడు, ఆయన చెప్పులు ఇప్పటికి ఒకటి దొరకలే.

తర్వాత సిన్మాకు ముందు ఒక్క కథ. ఇది వదలొద్దు, పెద్దోళ్లు ఉంటె వాళ్లతోనే చెప్పించండి, టార్చ్ గడ్డం కింద పెట్టి. గోడ మీద నీడలు ఆడించాలంటె ఒక్క టార్చే ఉండాలె, రెండు లైట్లుంటె రెండు నీడలు పడి కుందేలుకు నాలుగు చెవులొస్తయి. నల్లగొండ పానగల్లుల ఛాయా సోమేశ్వరుని గుడిల లింగం వెనక పొద్దంత కదలని నీడ ఉంటది గదా, అది సుత చాలా దిక్కులకెళ్లి వచ్చే వెలుతురుతోటి స్తంభాలు చేసే ఆటే, పిల్లలకు అది చెప్తె ఈసారి గుడికి పోదాం అంటరు.

మా అత్తమ్మ చెప్పింది కొరివి దయ్యం కథ. 24 గంటల కరెంటు రాకముందు, రాత్రి ఏ రెండింటికో కరెంటిస్తే మోటర్ పెట్టనీకి రైతులు బాయికాడికి పోయేటోళ్లు. మామయ్య ఒకరోజు అట్ల పోతుంటె అవతలి గట్టు మీద ఎర్రగ ఒక మంట, కింద కాళ్లు లేవు, గాలిల ఊగుకుంట వస్తున్నది. ఆగిండు. అది ఆగింది. ఒక అడుగు ముంగటికేసిండు, అది ఎనుకకు పోయింది. ఇగ చెప్పులు ఆడనే ఇడిసిపెట్టి ఇంటికి ఉరికిండు. తెల్లారి చాయ్ హోటల్ కాడ పక్క పొలమాయన చెప్తున్నడట, రాత్రి కొరివి దయ్యం కనపడ్డది, నేను ఆగితె ఆగింది, టైరు ముక్క ముట్టిచ్చుకొని పోతుంటి గాబట్టి బతికిన, నిప్పుంటె దగ్గరికి రాదు అని. ఆయనకు కనపడ్డ దయ్యం మామయ్య చేతుల లాంతర్. ఇద్దరి పొలాలు ఆ రాత్రి తడవలే.

ఈ కథ అయినంక నేను ఐర్లాండ్ జాక్ కథ కలిపిన. సైతాన్‌నే మోసం చేసిన పిసినారి జాక్, సచ్చినంక స్వర్గంల రానియ్యలే, నరకంల సుత రానియ్యలే, చేతుల ఒక నిప్పుకణిక పెట్టి తిరుగుపో అన్నరు, అది ఆరిపోకుండ ఒక టర్నిప్ గడ్డను తొలిచి అండ్ల పెట్టుకొని తిరుగుతున్నడట. ఆడ మొదట్ల మొహాలు చెక్కింది ఆ గడ్డలకే, అమెరికా పోయినంక గుమ్మడికాయ పెద్దగ, మెత్తగ దొరికేసరికి దాన్ని పట్టుకున్నరు. మా బిడ్డ వెంటనే, అయితె జాక్ కూడా కొరివి దయ్యమే గదా నాయినమ్మా అన్నది. నేను ఇంటర్నెట్‌ల గంటసేపు చదివింది అది ఒక్క మాటల చెప్పింది.

ఆరున్నరకు సిన్మా. మొత్తం చీకటి చెయ్యొద్దు, వంటింట్ల ఒక లైటు ఉండనియ్యండి. ఎవరన్న చెయ్యి లేపితె సిన్మా ఆపాలె, ఎందుకు అని అడగొద్దు, నవ్వొద్దు, ఇది మా ఇంట్ల రూల్. మావోడు మూడుసార్లు లేపిండు, రెండుసార్లు ఉచ్చకు, ఒకసారి ఊకెనే ఆగుతదా లేదా చూడనీకి. ఎనిమిదిన్నర లోపల అయిపోతది, అన్నం తిని పండుకునే ముందు ఒక నవ్వులాట ముచ్చట ఏదన్న చెప్పండి, కండ్లు మూసినప్పుడు చివరికి గుర్తున్నది దయ్యం కావద్దు. పిల్లలు పడుకున్నంక పెద్దోళ్లకు ఇంకోటి కావాలంటె మీ ఇష్టం, నాకైతె అప్పటికి నిద్రొస్తది.

చెక్కిన గుమ్మడికాయ రెండు మూడు రోజులకే బూజు పడ్తది, మర్నాడే ఆవుకు పెట్టెయ్యండి. గింజలు కడిగి ఆరబెట్టి ఉప్పు చల్లి ఏంచుకోవచ్చు. గీకి తీసిన కండ ఉంటది గదా, అది రాత్రే డబ్బాల వేసి ఫ్రిజ్‌ల పెట్టండి, పొద్దున చింతపండు, బెల్లం వేసి పులుసు పెడితె జొన్నరొట్టెల్లకు అంత బాగుంటది.

అమెరికాల మనోళ్లు ఉంటె నవంబర్ 1 తెల్లారి ఐదింటికి లేపండి పిల్లలను, అప్పుడు డాలస్‌ల 31 సాయంత్రం ఆరున్నర, వాళ్ల హాలోవీన్ అప్పుడే మొదలైతది. పోయినేడు మేము అట్లనే చేసినం. వాళ్ల వాకిట్ల నాలుగు గుమ్మడికాయలు, ఒక్కోటి మా పిల్లోడంత ఉన్నది, లోపల లైట్లు. అత్తమ్మ ఫోన్ దగ్గరికి పెట్టుకొని ఒక్కోదాన్ని చూసింది, చూసి, లోపలి కండ ఏం చేసిర్రు బిడ్డా అని అడిగింది. ట్రాష్‌ల వేసినం నాయినమ్మా అన్నరు. "నాలుగు కాయలదా?" అన్నది అత్తమ్మ, ఫోన్ నా చేతుల పెట్టి పోయి పులుసు పొయ్యి మీద ఎక్కించింది.